ముక్కు మూసుకొని కాచిన కహ్వా

కాఫీగింజ పచ్చిగా ఉన్నప్పుడు ఏం వాసన వస్తాదో తాగేటోళ్ళకు తెలీదు. నాకు తెలుసు. వానకు తడిసిన గోనెసంచిని మూల్లో పడేసి, నెల దాటినాక ఎత్తి దులిపితే ఎట్లుంటాదో అట్లుంటాది. దాంట్లో ఇంత ఎలక కంపు కూడా కలుపుకోండి. అరబ్బు దేశంలో సమాయిల్ అనే ఊర్లో నేను పనిచేసే ఇంట్లో పదకొండేండ్లు ఆ వాసనతోనే తెల్లారింది నాకు. చాట చేతికి తీసుకున్నప్పుడల్లా, థూ, ఇదేం తాగుడురా నాయనా అనుకోని మొదలుపెట్టేదాన్ని.

మాది కడప జిల్లా. మా ఇండ్లల్లో కాఫీ అంటే చిక్కటి పాలు, చక్కెర, పైన నురగ, పట్టుకుంటే వేళ్ళు కాలే స్టీలు గ్లాసు. ఈడ కహ్వా అంటారు. పాలుండవు, చక్కెరుండదు. గింజను నల్లగా వేయించరు, గోధుమరంగు తిరిగీ తిరగకముందే దించేస్తారు. కాచినాక వచ్చే రంగును నేను పేరు పెట్టి చెప్పను గానీ, చంటిబిడ్డల్ని సాకిన ఆడోళ్ళకు ఆ రంగు బాగా తెలుసు.

ఇంట్లో ఉండేది ఇద్దరే. పెద్దామెను ఉమ్మీ అని పిలుస్తా, అమ్మా అని అర్థం. ఎనబై దాటినాయి. మోకాళ్ళు లెయ్యవు, చెవులు మాత్రం పాము చెవులు. ఆమె కూతురు బడిలో టీచరు, ఆమెను మేడం అంటా. దుకాణంలో దొరికే పొడి ఉమ్మీకి పనికిరాదు. పచ్చిగింజలు తెప్పించుకోని, ఇంట్లోనే వేయించి, ఇంట్లోనే దంచి కాచాల. మేడం ఎన్నోసార్లు చెప్పి చూసింది, ఫ్లాస్కులో పోసి ఇస్తారమ్మా బయట, అదే తాగు అని. వింటేగా.

పని ఎట్లుంటాదో చెప్తా. ముందు చాటలో పోసి ఏరాల. పురుగు తొలిచిన గింజ, నల్లబడిన గింజ, చిన్న చిన్న రాళ్ళు. ఒకసారి బొద్దింక కాలు దొరికింది, ఆ దినమంతా నాకు అన్నం సయించలేదు. నేను పైపైన ఏరి వదిలేసేదాన్ని, అంతసేపు ఆ వాసన మీద ఎవరు వంగుంటారు? తర్వాత ఇనప పెనం మీద వేయించాల. వేడి తగిలితే గింజ మీద పల్చటి పొట్టు లేస్తాది. అది గాల్లో ఎగిరి ముక్కులోకి, గొంతులోకి, చెమట పట్టిన మెడకు అతుక్కుంటాది. తల స్నానం చేసినా రెండో దినం జడలో నుంచి రాలేది. ఆ పైన ఇత్తడి రోట్లో దంచేది. దంచిన పొడి నీళ్ళల్లో మరగనిచ్చి, ఏలకులు, లవంగాలు వేసి, దల్లాలోకి వంచాల. దల్లా అంటే కొంగముక్కు లాంటి మూతి ఉండే చెంబు. ఆఖర్న పన్నీరు నాలుగు చుక్కలు అని ఉమ్మీ నేర్పింది. నేను నాలుగుతో యాడ ఆగినా? చారెడు పోసేదాన్ని. లవంగాలు గుప్పెడు. ఆ కంపు నా ముక్కుకు తగలకుంటే చాలు, తాగేది నేనా ఏంది.

తాగే తీరు ఇంకా రోత. పిడిలేని చిన్న కప్పులు, ఫింజాన్ అంటారు. చుట్టాలు పదిమంది వచ్చినా తిరిగేది ఆ మూడు నాలుగు కప్పులే. ఒకరు తాగినాక పక్కన గిన్నెలో నీళ్ళుంటాయి, దాంట్లో ఒక్క ముంచు ముంచి, మళ్ళీ పోసి ఇంకొకరికిచ్చేది. అవే నీళ్ళు. పదిమంది ఎంగిలి ఆ ఒక్క గిన్నెలో. మా ఇంట్లో నీళ్ళ చెంబు పెదాలకు తాకిస్తే మాయమ్మ చెంప పగలగొట్టేది, ఎత్తి పోసుకోవే అని. అట్ల పెరిగినదాన్ని ఈ గిన్నె చూస్తే కడుపులో దేవదా? ఎవరూ లేనప్పుడు ఆ కప్పులు సబ్బు పెట్టి తోమి, నీళ్ళు పారబోసి, చేతులు మూడుసార్లు కడుక్కునేదాన్ని.

ఇంకో పద్ధతి ఉంది ఈళ్ళల్లో. కాచినోళ్ళు మొదటి కప్పు తాము తాగి, తర్వాత పక్కోళ్ళకు పోయాల. నేను చేరిన మొదటి పొద్దు ఉమ్మీ అదే చెప్పింది, ముందు నువ్వు తాగు బిడ్డా అని. నేను పైట కొసతో ముక్కు మూసుకోని, నాకు కడుపులో పుండు ఉండాది, డాక్టరు వద్దన్నాడు అని చెప్పినా. పచ్చి అబద్ధం. ఆమె నా మొగం దిక్కు కాసేపు చూసి, సరే అనింది. ఆ దినం నుంచి మొదటి కప్పు గిన్నెలు తోమే తొట్లో పారబోసి, రెండోది ఆమెకిచ్చేదాన్ని. ఆమె ఒక్క కప్పు తాగి, కప్పును అటూ ఇటూ ఊపి నా చేతికిచ్చేది. ఊపితే చాలు అని. ఊపకపోతే పోస్తానే ఉండాల. పదకొండేండ్లల్లో ఉమ్మీ రెండో కప్పు తీసుకున్నది లేదు. ఆమె మితం అంతేలే అనుకున్నా.

రుచి చూడకుండా ఎట్ల కాస్తివి అంటారేమో. మా ఇండ్లల్లో వంట చేసేటోళ్ళు గరిటె నోట్లో పెట్టుకోరు. వాసన పట్టి ఉప్పు చెప్పేస్తాం. కహ్వా కూడా అట్లనే, రంగు చూసి దించేసేదాన్ని. ఇందులో నాకు గర్వం కూడా ఉండేది, దాచుకోవడమెందుకు. ఉమ్మీ నా చేతిది తప్ప ఇంకొకరిది ముట్టదు. నాకు జ్వరమొచ్చినప్పుడు మేడం చేసిచ్చినా, పక్కింటి పనామె చేసిచ్చినా, కప్పు పక్కకు నెట్టేసింది. కహ్వా తాగకుంటే ఖర్జూరం తినదు, ఖర్జూరం తినకుంటే మాత్రలు వేసుకోదు. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు, అన్నీ ఆ కప్పు మీదనే ఆధారం. చుక్క తాగనిదాన్ని, ఇంత బాగా చేస్తాండానే అని లేని మీసం తిప్పుకున్నా.

ఆ గర్వమే నా మెడకు చుట్టుకుంది. నాకు ఒక్కతే కూతురు. ముందు ఏడాది దానికి ఏడో నెల్లో కడుపు పోయింది. అప్పుడు నేను ఈడనే ఉండా, పోలేకపోయినా. ఫోన్లో అది ఏడుస్తాంటే, పెనం మీద ఈ దరిద్రపు గింజలు కలబెడతా విన్నా. మళ్ళీ నీళ్ళోసుకునింది. ఎనిమిదో నెల పడినాక ఫోన్ చేసి, ఈసారి నువ్వు పక్కన లేకుంటే నాకు భయమమ్మా అనింది. అదెప్పుడూ నన్ను రమ్మని అడిగిన పిల్ల కాదు. కాళ్ళల్లో నీరు దిగిందంట, చెప్పులు పట్టడంలేదంట. మేడం కాడికి పోయి రెండు నెలలు లీవు అడిగినా.

మేడం మంచిదే. పో అనింది. కానీ అమ్మ మందులు మానేస్తే నేనేం చేసేది అని తల పట్టుకునింది. ఇద్దరం మాట్లాడుకోని ఒకటి తేల్చుకుంటిమి. ఇంకొకామెను పిలిపిస్తాది, నేను ఆమెకు కహ్వా నేర్పాల. ఉమ్మీ ఆమె చేతిది తాగిన దినమే టికెట్ తీస్తాది. నేను ఇంకో మాట అడిగినా. నా కూతురు కడుపుతో ఉండేది ఎవరికీ చెప్పొద్దు మేడం, ఉమ్మీకి కూడా చెప్పొద్దు అని. ముందుసారి మూడో నెలకే వీధి వీధంతా తెలిసిపోయింది, దిష్టి తగిలింది అనేది నా నమ్మకం. ఉమ్మీ చూపంటే కూడా నాకు భయమే. కాటుక పెట్టుకోని రెప్ప వేయకుండా చూస్తాది. ఒకసారి మేకపిల్లను చూసి ఎంత బాగుందో అనింది, మూడో దినం అది కాళ్ళు చాపేసింది. మేడం నవ్వింది గానీ మాట నిలబెట్టుకునింది. కొత్త పనామె వస్తాందమ్మా అని తల్లికి చెప్పి ఊరుకునింది.

వచ్చినామె పాడేరు పక్క కొండల మనిషి. ముప్పై ఏండ్లుంటాయి. వచ్చీరాగానే గింజల బస్తాలో చెయ్యి పెట్టి, ఒక పచ్చిగింజ తీసి పటుక్కున కొరికింది. కడగలేదు, తుడవలేదు. నాకు పండ్లు జివ్వుమన్నాయి.

"ఏందమ్మీ, అట్ల నోట్లో పెట్టుకుంటావు?" అంటే, "మాకు కాఫీతోట ఉందక్కా. కొరికితేనే తెలుస్తాది, ఎండిందా లేదా అని" అనింది.

వాళ్ళ కొండల్లో పెద్ద చెట్ల నీడన కాఫీ మొక్కలుంటాయంట. పండు ఎర్రగా అయినాకనే ఒక్కొక్కటే కోయాలంట, పచ్చివి కలిస్తే రుచి చెడుతుందంట. ఆ పండు తొక్క తీస్తే గింజ చుట్టూ జిగురు. దాన్ని ఒక పొద్దంతా తొట్టిలో నానబెట్టి, పులిసినాక కాళ్ళతో తొక్కి కడిగి, టార్పాలు పట్టాల మీద పదిదినాలు ఎండేస్తారంట. "ముట్టుకుంటే చీమిడిలా జారతాదక్కా" అని నవ్వుతా చెప్పింది. వాన పడి కుప్పలో ఉడికితే ఆ కంపుకి కుక్కలు కూడా రావంట. నేను అప్పుడే అన్నం ముందర కూర్చున్నా. కంచం పక్కకు జరిపేసినా. చీమిడి, కాళ్ళు, పులుపు, అదంతా కడిగి ఎండేసి, మళ్ళీ నేను వేయించి, దంచి, ఈ మనుషులు కండ్లు మూసుకోని తాగేది. లోకంలో తాగేదానికి మంచినీళ్ళు కరువైనాయా?

సరే, నేర్పినా. నేను ఎట్ల చేస్తానో అట్లనే చేయించినా. గుప్పెడు లవంగాలు, చారెడు పన్నీరు. మొదటి పొద్దు ఆమె కప్పు పట్టుకోని పోతే ఉమ్మీ చూడను కూడా చూడలేదు. రెండో పొద్దు కప్పు చేత్తో నెట్టింది, దుప్పటి మీద ఒలికింది. మూడో పొద్దు మాత్రల డబ్బా మంచం కిందికి పోయింది. నేనే చేసి నేనే తీసుకోని పోతే మటుకు తాగుతాది, కప్పు ఊపి ఇస్తాది. వారం ఇట్లనే జరిగింది. కూతురు ఫోన్ చేసి టికెట్ అయిందా అని అడిగేది. అవుతాందిలేమ్మా అనేదాన్ని. దానికి చేతులు కూడా వాచినాయంట, గాజులు కోసి తీసినారంట.

తొమ్మిదో పొద్దు నేను వంటింట్లోకి పోయేసరికి కొండామె దల్లాలో నుంచి ఫింజాన్లోకి పోసుకోని తాగుతాంది. ఉమ్మీ కప్పు అది. నా ఒళ్ళు మండిపోయింది. ఎంగిలి చేసినావు కదే, సిగ్గులేదా, మీ కొండల్లో ఇదేనా నేర్పింది అని నోటికొచ్చినట్ల తిట్టినా. ఆమె గబగబా తొట్లో ఉమ్మేసి, మూతి తుడుచుకోని నా దిక్కు తిరిగింది.

"ఇది తాగీదేటక్కా? సబ్బునీళ్ళు నయం. రోజూ ఇదేనా ఆ ముసలమ్మకి పోసీది?"

"గింజే అట్లాంటిది. మురుగుకంపు గింజ" అంటి.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. గింజకేటైంది? తొట్టి కింద చెమ్మలో పెట్టినావు, బూజు కంపు పట్టింది. నల్లవి ఏరలేదు. ఆ కంపు చంపడానికి సెంటు పోసినావు. నువ్వు ఒక్కసారైనా నోట్లో ఏసుకున్నావేటక్కా?"

గాడిదకేం తెలుసు గంధపు వాసన అని నన్నే అన్నట్లుండె. కోపంతో కప్పు తీసుకోని మూడుసార్లు తోమినా, ఆమె చూస్తాండగానే.

ఆమె మాత్రం పట్టించుకోలేదు. బస్తా ఎత్తి డాబా మీదికి మోసుకుపోయి, గింజలు ఎండలో పరిచి, సగానికి సగం ఏరి పారేసింది. పారేసినవాటిని చూస్తే నాకే భయమేసింది, పేడపురుగుల్లా ఉండాయి. మరుసటి పొద్దు సన్నమంట మీద, చెయ్యి ఆపకుండా, చిటపటమనే చప్పుడు వింటా వేయించింది. వెంటనే దంచలేదు, చల్లారనిచ్చింది. రవ్వలాగ దంచి, మరగకాచి, దించి, పొడి అడుక్కి దిగేదాకా కదపకుండా ఉంచింది. నాలుగు ఏలకులు, రెండు కుంకుమపువ్వు రేకులు, అంతే. మధ్యమధ్య చెంచాతో నాకి చూస్తానే ఉండె. నేను మొగం తిప్పుకున్నా. వాసన అంత చెడ్డగా తగల్లేదు, అదొక్కటి ఒప్పుకుంటా.

ఇద్దరం ఉమ్మీ గదిలోకి పోతిమి. కొండామె నిలబడి, మొదటి కప్పు తానే పోసుకోని, గుటగుటా తాగేసింది. ఈళ్ళ పద్ధతి అని తెలిసి కాదు, తన అలవాటు అది. అదే కప్పులో పోసి ఉమ్మీకిచ్చింది. ఉమ్మీ ముక్కుపుటాలు అదిరినాయి. చెయ్యి ముందుకొచ్చింది, వచ్చి ఆగిపోయింది. కప్పు తీసుకోకుండా నా దిక్కు చూసింది. కొండామెను బయటికి పొమ్మని సైగ చేసింది.

"నిన్ను పంపించేస్తాండారా?" అని అడిగింది.

"లేదు ఉమ్మీ" అంటి.

"నాకు చెప్పు. కొత్తదాన్ని తెచ్చినారు, పది దినాలుగా నాతో తాగించాలని చూస్తాండారు. నేను తాగితే నిన్ను పంపేస్తారు. నాకు తెలీదా? నీకు జ్వరమొచ్చినప్పుడు కూడా అందుకే కదా నేను వేరేవాళ్ళది ముట్టలేదు. నువ్వు వచ్చిన కొత్తల్లో, బిడ్డ చదువు, బిడ్డ చదువు అని ఏడ్చేదానివి."

దిష్టి లేదు గిష్టి లేదు, అంతా చెప్పేసినా. కూతురు కడుపుతో ఉండాదని, ఒక బిడ్డ పోయిందని, రెండు నెలలకే పోతానని, మళ్ళీ వస్తానని. ఆమె తల కొట్టుకునింది. ఇన్ని దినాలు ఎందుకు దాచినావు పిచ్చిదానా, ఆ బిడ్డ ఆడ వాపులతో పడి ఉంటే అని కేకలేసింది. కొండామెను పిలిచి కప్పు తీసుకునింది. తాగింది. ఊపలేదు. మళ్ళీ పోయించుకునింది. మూడో కప్పు కూడా తాగి, ఖర్జూరాలు తిని, అడక్కుండానే మాత్రలు వేసుకునింది. మేడం వాకిట్లో నిలబడి చూసి, అప్పుడే ఫోన్ తీసి టికెట్ చేసింది. నేను సమయానికి పోయినా, కాన్పు దగ్గరుండి చేయించినా, తల్లీబిడ్డా బాగున్నారు. అది ఇంకో కథ. నేను చెప్పాల్సింది ఆ పొద్దుటిదే ఇంకొంచెం ఉండాది.

మేడం బడికి పోయినాక అడిగినా. "నేను కాచింది ఎట్లుండేది ఉమ్మీ? నిజం చెప్పు."

"ఎట్లుంటాది? నువ్వు ముక్కు మూసుకోని కాచేదానివి. మొదటి కప్పు తొట్లో పోసే చప్పుడు రోజూ వినేదాన్ని. నీ కడుపులో పుండు లేదని ఆ దినమే తెలుసు. మాత్రతో పాటు ఇంకో మాత్ర అనుకోని మింగేదాన్ని."

కోపంగా అనలేదు. కాళ్ళు నొప్పిగా ఉండాయి అన్నట్లు చెప్పింది, అంతే. చెప్పి, తన కప్పులోనే ఇంత పోసి నా దిక్కు చాపింది. తాగు అనింది. ఎట్ల కాదంటా? పదకొండేండ్లు ఆమె మింగింది, నేను ఒక్క గుక్క మింగలేనా? కండ్లు మూసుకోని నోట్లో పోసుకున్నా. ఆమె పెదాల తడి కప్పు అంచు మీద ఇంకా ఉండె. నాలుక్కు అది తగిలింది. అంతే. నోరు మూసుకోని పరిగెత్తి తొట్లో కక్కేసినా. ఇంటికంతా వినపడే చప్పుడు. నా బతుకు మీద నాకే రోత పుట్టింది ఆ నిమిషం. తాగి బాగలేదంటే అది వేరు. ఇది ఆమె ఎంగిలికి కక్కిన కక్కు, ఆమె చెవులు నాకు తెలుసు.

మొగం కడుక్కోని వెనక్కి తిరిగితే ఉమ్మీ వంటింటి గడప కాడ ఉండాది. గోడ పట్టుకోని, ఆ మోకాళ్ళతో, ఒక్కతే నడిచొచ్చింది. కప్పు చేతిలో ఉండె. నన్ను పక్కకు జరగమని, కొళాయి తిప్పి, సబ్బు తీసుకోని, నేను తోమినట్లే మూడుసార్లు తోమింది. తన తలగుడ్డ కొసతో తుడిచి, కహ్వా పోసి, నా చేతికిచ్చింది.

తలగుడ్డతో తుడిచిందే అని మళ్ళీ కడుపులో తిప్పింది. తాగినా.